రాగిరేకు అసలుదేనా?

గద్వాల పేరు చెప్పగానే ఎవరికైనా చీర గుర్తుకొస్తుంది. శాసనాలు చదివేవాళ్లకు మాత్రం ముందు రాగిరేకులు గుర్తుకొస్తాయి. బాదామి చాళుక్య రాజు మొదటి విక్రమాదిత్యుడు చోళదేశం మీదికి దండెత్తి, కావేరి దక్షిణపు ఒడ్డున ఉరగపురంలో దండు దింపి ఉన్నప్పుడు, ఒక వైశాఖ పూర్ణిమ నాడు ఇచ్చిన దానపత్రం అది. అందులో వేసిన తేదీ శకవర్షం 596, ఆ రాజు ఏలుబడిలో 20వ ఏడు. నేటి లెక్కకు మారిస్తే క్రీ.శ. 674 ఏప్రిల్ 25. దీన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పదో సంపుటంలో ప్రకటించినవాడు యూజెన్ హుల్ట్‌జ్ అనే జర్మన్ పండితుడు. డ్రెస్డెన్‌లో పుట్టి, 1886 నుంచి 1903 దాకా మద్రాసులో ప్రభుత్వ శాసన పరిశోధకుడిగా పనిచేసి, ఆ తరువాత హాలే విశ్వవిద్యాలయంలో సంస్కృతం చెప్పుకున్నవాడు. దక్కన్ చరిత్ర రాసే ప్రతివాళ్లూ ఈ రేకుల్ని వాడుకుంటారు. చాళుక్య పల్లవ యుద్ధాల కాలక్రమంలో పెద్ద భాగం వీటి మీదే నిలబడి ఉంది. అంత బరువు మోస్తున్న రాగిముక్క అసలుదేనని మనకెలా తెలుసు? చరిత్ర పుస్తకాలు ఈ ప్రశ్నను సాధారణంగా దాటేసి ముందుకు పోతాయి. తీరిగ్గా ఆగి చూడవలసిన చోటు మాత్రం ఇదే.

రాగిరేకును మనం చరిత్ర గ్రంథంలా చూస్తాం గాని, చేయించుకున్నవాడి దృష్టిలో అది ఆస్తి కాగితం. ఫలానా ఊరు, ఫలానా హద్దులతో, ఫలానా గోత్రీకుడికి, పన్నులు లేకుండా, ఆచంద్రార్కం. అంత విలువైన కాగితం ఉన్నచోట దొంగ కాగితం పుట్టకుండా ఉండదు. ఈ సంగతి మన పూర్వులకు బాగా తెలుసు. దానశాసనం ఎలా ఉండాలో యాజ్ఞవల్క్య స్మృతి విడమరిచి చెప్పింది: గుడ్డ మీదో రాగిరేకు మీదో రాయాలి, రాజముద్ర పడాలి, రాజు తన పూర్వుల పేర్లూ తన పేరూ చెప్పుకోవాలి, ఇచ్చినదెంతో రాయాలి, కాలం వేయాలి, చేవ్రాలు ఉండాలి. మనుస్మృతి అయితే కూటశాసనం చేసినవాడికి చావే శిక్ష అంది. ఇదంతా పుస్తకాల్లో మాటే అనుకోవడానికి లేదు. హర్షుడు క్రీ.శ. 631 ప్రాంతంలో ఇచ్చిన మధుబన్ రేకుల్లో ఒక కేసు యథాతథంగా ఉంది. సోమకుండక అనే గ్రామాన్ని వామరథ్యుడనే బ్రాహ్మణుడు దొంగ శాసనంతో అనుభవిస్తున్నాడనీ, రాజు ఆ రేకును విరగ్గొట్టించి, ఊరిని వాపసు తీసుకుని మరొకరికి ఇచ్చాడనీ అందులో రాసి ఉంది. ఆ హర్షుణ్ణి నర్మద దగ్గర నిలువరించినవాడే మన విక్రమాదిత్యుడి తండ్రి రెండో పులకేశి. అంటే మనం పరీక్షించబోయే రేకు నకిలీలు నడుస్తున్న కాలంలోనే పుట్టింది. నకిలీ చేయడమన్నది నిన్న మొన్న పాతవస్తువుల బజారు కనిపెట్టిన విద్య కాదు.

దొంగ కాగితంతో భూమి దక్కించుకునే ఆశ ఆ కాలంతో పోలేదు కూడా. కృష్ణా తుంగభద్రల నడుమ, వాటి ఉత్తరాన ఉన్న ఈ నేల మొత్తం సంస్థానాల నేల. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాధీశులు నిజాముకు పేష్కష్ చెల్లిస్తూ తమ లోపల తామే ఇనాములిచ్చేవారు. అర్చకుడికి, పండితుడికి, నీరటివాడికి, సేతుసిందికి ఒక్కొక్కరికీ ఒక్కో రకం మాన్యం. 1858లో మద్రాసు రాజధానిలో ఇనాం కమిషన్ కూర్చుని ‘నీ మాన్యానికి ఆధారమేది?’ అని అడిగినప్పుడూ, హైదరాబాదు రాష్ట్రంలో 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చినప్పుడూ పాత పెట్టెలు తెరుచుకున్నాయి. రేకులు, సనదులు, మొహరు వేసిన ఫారసీ కాగితాలు బయటికొచ్చాయి. అసలువీ వచ్చాయి, అవసరానికి పుట్టినవీ వచ్చాయి. భూమి మీద హక్కు కాగితం మీద ఆధారపడినంత కాలం ఈ రెండూ కలిసే బతుకుతాయి.

ఇక పరీక్ష సంగతి. ఎవరికైనా మొదట తట్టేది ముద్ర. బాదామి చాళుక్యుల పద్ధతిలో రేకులకు ఒక పక్క బెజ్జం పొడిచి, అందులోంచి రాగి కడియం దూర్చి, కడియం రెండు కొసల్నీ ఒక ముద్దలో కలిపి, ఆ ముద్ద మీద వరాహలాంఛనం వేసేవారు. మొదటి రేకుకు, చివరి రేకుకు లోపలి వైపునే అక్షరాలుంటాయి. పైవైపు రాపిడికి వదిలేసేవారు. రాత అరిగిపోకుండా రేకు అంచుల్ని కొద్దిగా ఎత్తుగా కొట్టేవారు. కడియం కోయకుండా మధ్యలో కొత్త రేకు చేర్చడం గాని ఉన్నది తీసేయడం గాని కుదరదు. చూడ్డానికి ఇంతకన్నా గట్టి బందోబస్తు లేదు. అయినా నా లెక్కలో ఉన్న సాక్ష్యాలన్నిటిలోకీ బలహీనమైనది ఈ ముద్రే. కారణం చాలా మామూలుది. నమ్మించడం కోసం పెట్టిన గుర్తు ఏదో అందరికీ తెలుసు, కాబట్టి నకిలీ చేసేవాడు తన శ్రమంతా ముందు దాని మీదే పెడతాడు. పాత అసలు కడియాన్ని, ముద్రతో సహా, కొత్త రేకులకు తొడగడం పెద్ద పనేమీ కాదు. అందుకే పాత పరిష్కర్తలు ఒక రేకుల జత చేతికి రాగానే ‘నా దగ్గరకొచ్చేసరికి కడియం కోసి ఉందా, కోయకుండా ఉందా’ అన్నది మొదటి పేరాలోనే రాసిపెట్టేవారు. ఆ ఒక్క వాక్యాన్ని చాలామంది చదవకుండా దాటేస్తారు. ముద్ర కంటే అదే ఎక్కువ చెబుతుంది.

నమ్మదగ్గ సాక్ష్యం ఎక్కడుంటుందంటే, చేసినవాడు సాక్ష్యమని అనుకోని చోట. ఇది రాగిరేకులకే పరిమితమైన సూత్రం కాదు. రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ సైనికుల నీళ్ల సీసాల్ని సేకరించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. 1931 నమూనా సీసా అల్యూమినియంది, పైన గోధుమరంగు ఫెల్టు తొడుగు, మెడ దగ్గర తయారీదారు పొడి అక్షరాలు, సంవత్సరానికి రెండంకెలు. ‘హెచ్.ఆర్.ఇ.’ అని ఉంటే అది ఎస్‌లింగెన్‌లోని హెర్మన్ రిట్టర్ కార్ఖానా సరుకు. కొత్తగా చేరినవాడు ఆ అక్షరాలు చూసి డబ్బిచ్చేస్తాడు. చెయ్యి తిరిగినవాడు అక్షరాల్ని చివర చూస్తాడు. ముందు లోహం చూస్తాడు, ఎందుకంటే యుద్ధం ముదిరాక అల్యూమినియం కరువై ఎనామిల్ పూసిన ఉక్కు సీసాలు వచ్చాయి. మెడ మీద 37 అని ఉండి ఒళ్లు ఉక్కుదైతే ఆ రెండూ పొసగవు. తొడుగు మీది గుండీ, పట్టీ తోలు, కప్పుకు వేసిన నల్లరంగు, వీటిలో ప్రతిదానికీ తన కాలం ఉంది. ఒక్కోటి విడిగా చూస్తే ఏదీ రుజువు కాదు. అన్నీ ఒకే ఏడాదిని చూపిస్తున్నాయా అన్నదే పరీక్ష. లక్షల్లో తయారైన సీసాకు పోల్చి చూసుకోవడానికి మరో వెయ్యి సీసాలు దొరుకుతాయి. దానశాసనం ఒక్కసారే పుడుతుంది, పోలికకు దాని జంట ఎక్కడా ఉండదు. కాబట్టి పొంతన కోసం బయట వెతకాలి.

గద్వాల రేకుల్లో ఆ వెతుకులాటకు మొదటి దారి తేదీ. శకవర్షం 596కి 78 కలిపితే 674. ఆ ఏడు వైశాఖ పూర్ణిమ ఏప్రిల్ 25న పడింది. ఇంతవరకు ఎవరైనా చేయగల లెక్కే. పంతొమ్మిదో శతాబ్దం చివర గోటింగెన్‌లో కీల్‌హార్న్ శక తేదీల్ని వందల సంఖ్యలో లెక్కగట్టి సరిచూశాడు. శంకర బాలకృష్ణ దీక్షిత్, రాబర్ట్ సీవెల్ కలిసి 1896లో పట్టికలతో పుస్తకం వేశారు. అటు తరువాత స్వామికన్ను పిళ్లై చేసిన పట్టికలతో ఈ పని సామాన్యులకూ అందింది. అయితే తిథి ఒక్కటే సరిపోయినంత మాత్రాన ఏమీ తేలదు. ప్రతి ఏడూ ఒక వైశాఖ పూర్ణిమ ఉంటుంది. అసలు గట్టితనం రాజ్యసంవత్సరంలో ఉంది. నెల్లూరు ప్రాంతపు తలమంచిలో ఇదే రాజువి వేరే రేకులు దొరికాయి. అవి ఆరో రాజ్యసంవత్సరంలో, సూర్యగ్రహణ సమయంలో ఇచ్చినవి. ఆ గ్రహణం తేదీ 660 జూలై 13. ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి వెనక్కి లెక్కపెడదాం. 660 జూలై నాటికి ఆరో ఏడు నడుస్తోందంటే, రాజు గద్దెనెక్కింది 654 జూలైకీ 655 జూలైకీ మధ్య. 674 ఏప్రిల్ నాటికి ఇరవయ్యో ఏడు నడుస్తోందంటే, గద్దెనెక్కింది 654 ఏప్రిల్‌కీ 655 ఏప్రిల్‌కీ మధ్య. రెండూ కలిసే భాగం 654 జూలై నుంచి 655 ఏప్రిల్ దాకా. ఒకటి తీరాంధ్రలో, మరొకటి నడిగడ్డలో బయటపడి, వేరువేరు తేదీ పద్ధతులు వాడిన రెండు పత్రాలు తొమ్మిది నెలల సందులో వచ్చి కలుసుకున్నాయి. ఒక దాన్ని తయారుచేసినవాడికి రెండోదాని సంగతి తెలిసే అవకాశం ఎంత? నేను ముద్రను పక్కన పెట్టి దీన్ని పట్టుకోవడానికి కారణం ఇదే.

రెండో దారి అక్షరం. ఏడో శతాబ్దపు లిపి తెలుగు కన్నడాలకు ఉమ్మడి పూర్వరూపం. చూడగానే మనకు చదవరాదు గాని, పదిహేను రోజులు కూర్చుంటే కళ్లకు అలవాటవుతుంది. ఇందులో ఫ్లీట్ అనే ఆంగ్లేయ అధికారి గట్టిగా పట్టుకున్న పరీక్ష ఒకటుంది. ఖ, బ వంటి కొన్ని అక్షరాలు పాతకాలంలో ఒక కోణాకార రూపంలో ఉండి, క్రమంగా గుండ్రటి, చేతిరాత వాటపు రూపంలోకి మారాయి. ఆ కొత్త రూపం తొమ్మిదో శతాబ్దారంభానికి ముందు కనిపించదని ఆయన వాదం. నాలుగో శతాబ్దం తేదీ వేసుకుని తొమ్మిదో శతాబ్దపు ‘బ’ రాస్తే దొరికిపోయినట్టే. నకిలీ చేసేవాడు పాత పేర్లు కంఠస్థం చేయగలడు, పాత వంశావళి నకలు రాసుకోగలడు. చెయ్యి మాత్రం తన కాలపు అక్షరాన్నే రాస్తుంది, ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒక చోట జారుతుంది. ఇక్కడ కూడా ఫలితం అతను పట్టించుకోని చోటే.

మూడో దారి శత్రువు. గద్వాల రేకులు విక్రమాదిత్యుడు నరసింహుడి కీర్తినీ, మహేంద్రుడి ప్రతాపాన్నీ అణచి, ఈశ్వరుణ్ణి జయించి, కంచి పట్టుకున్నాడని చెప్పుకుంటాయి. ఈ ముగ్గురూ పల్లవులు: మొదటి నరసింహవర్మ, రెండో మహేంద్రవర్మ, మొదటి పరమేశ్వరవర్మ. నరసింహవర్మ 642 ప్రాంతంలో బాదామిని కొల్లగొట్టి వాతాపికొండ అనిపించుకున్నవాడు కాబట్టి అతని పేరు ఎవడైనా రాస్తాడు. మధ్యలో ఉన్న రెండో మహేంద్రుడు అట్టే కాలం ఏలనివాడు. తన సొంత దేశంలోనే పెద్దగా గుర్తుంచుకోనివాడు. కంచి దగ్గరి కూరంలో దొరికిన పల్లవుల సొంత రేకులు కూడా ఈ ముగ్గుర్నీ ఇదే వరుసలో చెబుతాయి. అవే కూరం రేకులు విక్రమాదిత్యుడి లక్షల సైన్యం చెదిరిపోయిందనీ, అతను ఒంటిమీద చింకిపాతతో పారిపోయాడనీ ఎగతాళి చేస్తాయి. పల్లవులవే అయిన ఉదయేందిరం రేకులు పరమేశ్వరవర్మ వల్లభుడి, అంటే చాళుక్య రాజు, సేనను పెరువళనల్లూరులో ఓడించాడంటాయి. ఆ ఊరు తిరుచ్చి దగ్గర. ఉరగపురమని రేకులు చెప్పిన చోటును ఎక్కువమంది పండితులు తిరుచ్చిని ఆనుకున్న ఉరైయూరుగా గుర్తిస్తారు. చాళుక్యుడు తాను కావేరి ఒడ్డున ఉన్నానన్నాడు, పల్లవుడు వాణ్ణి అక్కడే కొట్టానన్నాడు. గెలుపు ఎవరిదో వాళ్లకు కుదరలేదు గాని, చోటు కుదిరింది. చిత్రమేమిటంటే కూరం రేకుల్ని 1890లో ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ మొదటి సంపుటంలో ప్రకటించిందీ ఆ హుల్ట్‌జే. పల్లవుడి వాంగ్మూలం, చాళుక్యుడి వాంగ్మూలం ఇరవయ్యేళ్ల తేడాతో ఒకే మనిషి బల్ల మీదికి వచ్చాయి.

దీనికి సహజంగా వచ్చే అభ్యంతరం: ఇవన్నీ తెలిసిన తెలివైన దొంగ ఉండొచ్చు గదా? ఉండొచ్చు. కాని అతనికి ఏమేం తెలియాలో లెక్కపెట్టండి. 596కీ ఇరవయ్యో రాజ్యసంవత్సరానికీ ఉన్న లంకె తెలియాలి, వందల మైళ్ల అవతలి పల్లవ వంశంలో మరుగున పడ్డ రాజు పేరు తెలియాలి, ఏడో శతాబ్దపు అక్షరాల వాటం చేతికి రావాలి, విక్రమాదిత్యుడి దండు ఆ వేసవిలో ఎక్కడుందో తెలియాలి. ఇన్ని తెలిసినవాడు ఆ రోజుల్లో ఒకే చోట ఉండేవాడు, చాళుక్యుల సాంధివిగ్రహికుడి కచేరీలో. యుద్ధానికీ సంధికీ సంబంధించిన ఆ అధికారే దానశాసనాల రాత చూసుకునేవాడు. కచేరీలోవాడే దొంగ రేకు చేసి ఉంటే? అప్పుడు దానం ఆ ఒక్క ప్రతిగ్రహీత విషయంలో అబద్ధమవుతుంది గాని, చరిత్రకారుడికి కావలసిన తేదీ, దండు, రాజులు అన్నీ అసలువే అవుతాయి. నష్టపోయేది ఏడో శతాబ్దంలో ఆ ఊరి రైతు, మనం కాదు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. పొంతన కుదరాలి అని పట్టుబడితే అసలు రేకుల్ని కూడా పారేయవలసి వస్తుంది గదా? నిజమే. ఈ తప్పు జరిగింది కూడా. ఫ్లీట్ 1901లో ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో నకిలీ శాసనాల జాబితా ఒకటి వేశాడు. అంతకుముందు నుంచీ ఆయన పశ్చిమ గాంగుల తొలి రేకుల్ని గంపగుత్తగా నకిలీలనేవాడు. మైసూరులో వాటిని వెలికితీసిన లూయిస్ రైస్ ఒప్పుకోలేదు. ఇద్దరికీ ఏళ్ల తరబడి వాదం నడిచింది. చివరికి మన అనంతపురం సీమలోని పెనుకొండలో గాంగ మాధవుడి రేకులు బయటపడ్డాక, అవి అసలువేనని 1915లో ఫ్లీటే రాయవలసి వచ్చింది. ఆ జాబితాలో చాలావాటిని ఇప్పటికీ ఎవరూ వెనకేసుకురారు. అలాగని జాబితా అంతా ఒప్పూ కాదు. లేఖకుడు తప్పు రాయడు, పంచాంగకర్త పొరబడడు, వారం లెక్క తప్పదు అని అనుకుంటేనే ఒక్క పొసగని వివరానికి మొత్తం పత్రాన్ని కొట్టేయగలం. నేటి రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోనే సర్వే నంబరు తప్పు పడుతుంటే, పదమూడొందల ఏళ్ల కిందటి కంసాలి సుత్తికి అంత కచ్చితం అడగడం అన్యాయం. తప్పుకూ నకిలీకీ ఒక తేడా ఉంది. తప్పు ఎవరికీ లాభం లేని చోట కూడా పడుతుంది. నకిలీలో పొసగనితనం చాలాసార్లు లాభం ఉన్న చోటనే, అంటే హద్దుల దగ్గర, ఊరి పేరు దగ్గర, ప్రతిగ్రహీత పేరు దగ్గర గుమిగూడుతుంది. ఆ భాగాల్లో రేకును కొట్టి చదునుచేసి మళ్లీ చెక్కిన జాడ ఉందేమో చూడాలి. రాగి మీద చెరిపివేత పూర్తిగా పోదు. ఏటవాలు వెలుతురులో పెడితే కింది అక్షరపు గీత నీడలా తేలుతుంది.

నకిలీకీ అసలుకీ మధ్య మూడో రకం కూడా ఉంది, అది మరింత ఇబ్బంది పెడుతుంది. పాత రేకు పోతే రాజు కొత్తది రాయించి ఇచ్చేవాడు. అస్సాం రాజు భాస్కరవర్మ, ఇతనూ హర్షుడి కాలంవాడే, తన ముత్తాతల నాటి దానాన్ని నిధాన్‌పుర్ రేకుల్లో తిరిగి ఇచ్చాడు. పాత శాసనం కాలిపోయిందనీ, ఇది కొత్తగా రాసింది కాబట్టి అక్షరాలు పాతవాటిలా లేవనీ, అంతమాత్రాన దీన్ని కూటశాసనం అనకూడదనీ ఆ రేకుల్లోనే రాయించాడు. ఫ్లీట్ చేసిన అక్షర పరీక్షను పన్నెండు శతాబ్దాల ముందే ఊహించి, దానికి జవాబు సిద్ధం చేసి పెట్టిన మనిషి! అక్షరం వయసును బట్టి పత్రం వయసును పరీక్షించడం తెల్లదొరల అనుమానంలోంచి పుట్టిందనీ, మన పత్రాల్ని నమ్మని వలస మనస్తత్వమనీ అనేవాళ్లున్నారు. ఫ్లీట్ గొంతులో ఆ పెత్తనపు స్వరం లేదని నేనను. కాని పరీక్ష మాత్రం మనదే. ఏడో శతాబ్దంలో అస్సాం నుంచి గంగాతీరం దాకా రేకును చేతిలోకి తీసుకున్న అధికారి అక్షరాలు చూసేవాడన్నమాట. చూడకపోతే భాస్కరవర్మకు ఆ సంజాయిషీతో పనేముంది?

రాగికి ఉన్న మరో చిక్కు కాళ్లు. శిల ఉన్నచోటే ఉంటుంది. నాగర్‌కర్నూలు జిల్లా నంది వడ్డెమాన్‌లో, అంటే నాటి వర్ధమానపురంలో, రాతి మీది శాసనం ఆ గుడికీ ఆ చెరువుకీ సంబంధించినదని చోటే చెబుతుంది. అలంపురంలో ఈశానాచార్యుడు ప్రాకారం కట్టించిన సంగతి చెప్పే విజయాదిత్యుడి కాలపు శాసనం ఆ గుళ్ల నడుమనే ఉంది, తేదీ 713. రాగిరేకు అలా కాదు. ప్రతిగ్రహీత వెంట పోతుంది, కూతురి పెళ్లికి మరో ఊరు పోతుంది, కరువులో వలస పోతుంది, కాటకంలో పాతిపెట్టబడుతుంది. కావేరి ఒడ్డున రాసినది తుంగభద్ర ఇవతల దొరకడం అనుమానించవలసిన సంగతి కాదు, రాగికి అది మామూలే. దొరికిన చోటును సాక్ష్యంగా వాడుకోకూడదంతే. ఒక్కమాట పక్కకు తప్పి చెప్పాలి: పాత పుస్తకాల్లో గద్వాల, అలంపురం రాయచూరు జిల్లాలో ఉంటాయి, 1956 తరువాతవాటిలో మహబూబ్‌నగర్‌లో, 2016 తరువాత జోగుళాంబ గద్వాల జిల్లాలో. ఇది తెలియక ఒకే రేకును మూడు వేరు రేకులుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

అయితే శిల మాత్రం కదలదని ఈ ప్రాంతంవాళ్లు అనలేరు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురానికి తెచ్చి కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడీ, సోమశిల గుళ్లూ ముంపు తప్పించుకోవడానికి చోటు మారాయి. రాళ్లకు అంకెలు వేసి, పటాలు గీసి చేసిన పని కాబట్టి వాటి పాత చిరునామా పోలేదు. అలంపురం చుట్టుపక్కల రాళ్లూ రేకులూ చెల్లాచెదురు కాకుండా చూసినవారిలో ఆ ఊరివాడే గడియారం రామకృష్ణశర్మ ముఖ్యుడు. లక్ష్మణరాయ పరిశోధక మండలి వేసిన ‘తెలంగాణా శాసనములు’ రెండో సంపుటం ఆయన చేతిమీదుగానే వచ్చింది. ఎక్కడ, ఎవరింట్లో, ఏ స్థితిలో దొరికిందన్న ఆ చిన్న సమాచారం రేకు మీది ప్రశస్తి అంత విలువైనది.

ఇవాళ నష్టం జరుగుతున్నది సరిగ్గా అక్కడే. పునాది తవ్వుతుంటేనో పొలం దున్నుతుంటేనో రేకు దొరికితే మొదట జరిగే పని దాన్ని చింతపండు పెట్టి తోమడం. ఇంట్లో రాగిచెంబుకు చేసినట్టే. గంటలో రేకు తళతళలాడుతుంది. వందల ఏళ్లుగా పట్టిన పచ్చటి పొర, అక్షరపు గాళ్లలో గట్టిపడిన మన్ను, కొత్త గీతకూ పాత గీతకూ తేడా చెప్పే మొత్తం సాక్ష్యం నీళ్లలో పోతుంది. తరువాత లోపలేముందో చూద్దామని కడియం కోస్తారు. ఆ తరువాత బేరగాడు వస్తాడు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం దొరికినది కలెక్టరుకు చెప్పాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటినది దేశం దాటకూడదు. చట్టాలకన్నా లంకెబిందెల కథలకు పరుగెక్కువ. రైస్ పుల్లింగ్ చెంబులని, ఈస్టిండియా కంపెనీ పేరూ 1818 సంవత్సరమూ రామపట్టాభిషేకం బొమ్మా ఉన్న రాగిబిళ్లలని లక్షలకు అంటగట్టేవాళ్లు మన జిల్లాల్లో ఏటా పట్టుబడుతూనే ఉన్నారు. కంపెనీ టంకశాల అలాంటి నాణెం ఏనాడూ కొట్టలేదు. కొనేవాడు చూసేది మళ్లీ ముద్రనే, తేదీనే. కంపెనీకీ ఆ బొమ్మకూ పొంతన ఏమిటని అడగడు. లోహం పరీక్ష చేయిస్తే తేలిపోతుందని కొందరి ధీమా. ఎక్స్‌రే యంత్రం రాగిలో ఏమేం కలిసిందో చెబుతుంది, అది ఉపయోగమే. కాని పాత బిందెను కరిగించి కొట్టిన కొత్త రేకులో ఉండేది పాత రాగే.

చివరగా, అసలు రేకు అని తేలితే అందులో మాటంతా నిజమవుతుందా? కాదు. ఇది చాలామంది కలిపేసే విషయం. కూరం రేకులు అసలువే, గద్వాల రేకులు అసలువే, రెండూ ఒకదాన్నొకటి అబద్ధమంటున్నాయి. రాజు స్వయంగా ముద్ర వేయించిన గొప్పలూ గొప్పలే. కాబట్టి రేకులోని ప్రతి వాక్యానికీ వేరే తూకం వేయాలి. దానం ఇచ్చిన చోటు, తేదీ, ఇచ్చినవాడు: ఇవి తప్పయితే దానమే చెల్లదు, కాబట్టి 674 వైశాఖంలో చాళుక్య సేన కావేరి దక్షిణపు ఒడ్డున ఉందన్నది నేను సందేహం లేకుండా తీసుకుంటాను. కంచి పట్టుకున్నానన్న మాట దానం చెల్లుబాటుకు అక్కర్లేనిది, అది ప్రశస్తి. ఇదే వంశంలో ఇతని మునిమనవడు రెండో విక్రమాదిత్యుడు కంచి పట్టుకున్నప్పుడు ఆ మాటను సొంత ఇంట్లో రేకు మీద రాసుకుని ఊరుకోలేదు. కంచి కైలాసనాథాలయంలో, పల్లవులు కట్టిన గుడి స్తంభం మీద, ఆ గుడి సొమ్ము ముట్టకుండా తిరిగి ఇచ్చానని కన్నడంలో చెక్కించి పోయాడు. నగరం తిరిగి తమ చేతికి వచ్చాక కూడా పల్లవులు దాన్ని చెరపలేదు. మొదటి విక్రమాదిత్యుడి కంచి విజయానికి అటువంటి రాయి ఇంతవరకు దొరకలేదు. కంచి మీదుగా కాకుండా ఉరైయూరు చేరడం కష్టం కాబట్టి అతను ఆ నగరాన్ని తాకే ఉంటాడని కొందరు వాదిస్తారు. పడమటి దారిన కొంగునాడు మీదుగా కూడా కావేరికి దిగవచ్చు. దారి ఏదైనా, పెరువళనల్లూరు తరువాత అతని దండు అక్కడ నిలవలేదు.